దక్షిణం నిలవని రైలు

ఆల్మటీ, కజకిస్తాన్
4 జులై 2026

అన్నా,

నీ కాళ్ళకు దండం. నీ చేతికర్ర అందేంత దూరంలో లేను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నిన్న విమానం నన్ను ఇక్కడ దించింది. నా చెవులను మాత్రం దించలేదు. అవి ఇంకా మేఘాల్లోనే ఉన్నాయి. ఎవరేం మాట్లాడినా బావిలోంచి పిలిచినట్టుంది. మనుమరాలు తన్మయి స్నేహితురాలు ఒకమ్మాయి డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఆయన చెవిలో దీపం వేసి చూసి, వారం దాకా మళ్ళీ విమానం ఎక్కవద్దన్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ళు నేల మీద తిరిగిన చెవులు ఒక్క పూటలో ఆకాశానికి అలవాటు పడమంటే ఎట్లా పడతాయి? నాయన మొదటిసారి బస్సెక్కి కడపకు పోయి, దారి పొడుగునా వాంతులు చేసుకొని, తిరిగి రావడానికి ఎద్దులబండి మాట్లాడుకున్నాడని అవ్వ చెప్పేది గుర్తుందా? ఆ రక్తమే ఇది.

మనుమరాలు చదివే ఊరు అక్తోబే. ఇక్కడికి రెండు వేల కిలోమీటర్ల పైమాట. విమానం వద్దన్నారు కాబట్టి రైలు. ఆరో తేదీ సాయంత్రం ఎక్కితే ఎనిమిదో తేదీ పొద్దున దింపుతుంది. తొమ్మిదో తేదీ తన్మయికి డాక్టరు పట్టా ఇస్తారు. పిల్ల తల్లి అపర్ణకు పులివెందుల బడిలో సెలవు దొరకలేదు, అల్లునికి వెన్నుపూస ఆపరేషనై నెల కాలేదు. పాసుపోర్టు ఉన్నది నాకొక్కనికే, అదీ కైలాసం పోదామని తీయించి, పోకుండా పెట్టెలో పెట్టుకున్నది. మన వంశంలో మొట్టమొదటి డాక్టరు స్టేజీ ఎక్కితే చప్పట్లు కొట్టడానికి ఇంటివాడు ఒక్కడైనా ఉండొద్దా?

ఇక నువ్వు ఎదురుచూస్తున్న మాట. ఏడో తేదీ నాయన తద్దినం. ఆ పొద్దంతా నేను రైల్లో ఉంటాను. టిక్కెట్లు కొనకముందే, జనవరిలో, తిథి ఎప్పుడొస్తుందని విచారించుకున్నాను. జూన్ ఎనిమిది అని వచ్చింది. అది నమ్మి జులైలో ప్రయాణం పెట్టుకున్నాను. ఉగాదికి కొత్త పంచాంగం చేతికొచ్చినాక తెలిసింది, ఈ ఏడు జ్యేష్ఠమాసం రెండుసార్లు వస్తుందనీ, అధిక జ్యేష్ఠంలో కాక నిజ జ్యేష్ఠంలోనే తద్దినం పెట్టాలనీ, ఆ అష్టమి జులై ఏడనీ. అప్పటికి అన్నీ కొనేసినాం.

పంతొమ్మిదేళ్ళ కిందట మనం పంచుకున్నప్పటినుంచీ నీది నువ్వు జమ్మలమడుగులో, నాది నేను ప్రొద్దుటూరులో పెట్టుకుంటున్నాం. ఈ ఒక్క ఏడాదికి నీ సంకల్పంలో నా పేరు కూడా ఒక మూల ఇరికించు. అడగడానికి నాకూ నామోషీగానే ఉంది.

నోటిమాట నీకు మాట కాదు గనక కాగితం మీద రాసి, ఫోటో తీసి మీ సుహాస్ ఫోనుకు పంపుతున్నాను. నీ మనుమడు జిరాక్సు అంగట్లో అచ్చు తీసి ఇస్తాడు. జవాబు ఆ దారినే పంపు.

చెవుడు తగిలిన నీ తమ్ముడు,
అగస్తయ్య


జమ్మలమడుగు
5 జులై 2026

చిరంజీవి అగస్తయ్యకు,

ఆశీర్వాదం అని రాయడం ఆచారం కాబట్టి రాసినాను.

నీ చెవుల వైభవం ఒక పేజీ, నాయన సంగతి అర పేజీ. అందులోనూ బస్సులో వాంతులు కలిపినావు. ఆయన వాంతి చేసుకున్నది కడప బస్సులో కాదు, తాడిపత్రి బస్సులో. తెలియకపోతే అడగాల.

ముందు ఒకటి తేల్చుకుందాం. "జూన్ ఎనిమిది అని వచ్చింది" అంటావు. ఎక్కడినుంచి వచ్చింది? ఆకాశం నుంచి రాలి పడిందా? ప్రొద్దుటూరు ప్రెస్సులో ముప్పై నాలుగేళ్ళు గోడ క్యాలెండర్లకు ప్రూఫులు దిద్దినవాడివి. మూడేళ్ళకోసారి అధికమాసం వస్తుందని దారిన పోయేవాణ్ణి ఆపి అడిగినా చెప్తాడు.

రెండోది. చివర్లో బంధుమిత్రుల పక్కన ఒక వరస ఇరికించడానికి ఇది నువ్వు అచ్చేసే పెళ్ళి శుభలేఖ కాదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యిగా ఉన్న అన్నదమ్ములకు పెద్దవాడు పెడితే చాలు. పంచుకొని విడిపోయినవాళ్ళు ఎవరిది వాళ్ళు పెట్టుకోవాలి. ఇల్లు నాకూ, చీనీపండ్ల తోట నీకూ అని రాసుకున్న కాగితం మీద నువ్వే సంతకం చేసినావు. తోట అమ్మి ప్రొద్దుటూరులో మిద్దె కట్టినావు. ఇప్పుడు తద్దినం నాటికి మాత్రం ఆ కాగితం లేదనుకోమంటే ఎట్లా?

ఇది రాస్తుంటే మీ వదిన నాగరత్నమ్మ వాకిట్లోంచి అందుకుంది. "ఏంది మీరు! పిల్ల డాక్టరవుతాంటే చూడను పోయినాడు గాని, పేకాటకు పోయినాడా? ఒక పేరు చెప్తే మీ నోరేమన్నా అరిగిపోతుందా?" నోరు అరగదు, శాస్త్రం అరుగుతుందని చెప్పినాను. ఆమె మినపప్పు ఏరడానికి పోయింది. ఆ ఏరడంలో కూడా కోపం వినిపిస్తాంది.

నీకు మిగిలిన దారి ఒకటుంది. నాయన చెప్పేవాడు. తద్దినానికి బియ్యం లేక, పిలవడానికి భోక్త లేక, ఏ ఆధారమూ లేనివాడు జనం లేని బయలుకు పోయి, రెండు చేతులూ పైకెత్తి, నా దగ్గర మీ మీద భక్తి తప్ప ఇంకేమీ లేదని పితృదేవతలకు చెప్పుకోవచ్చునట. కూటికి లేనివాళ్ళకు పెట్టిన వెసులుబాటు అది. విమానం టిక్కెట్టు కొన్నవాళ్ళకు వర్తిస్తుందో లేదో నాకు తెలియదు. ప్రయత్నించు.

నీ అన్న,
విశ్వేశ్వరయ్య


రైల్లోంచి
7 జులై, పొద్దున

అన్నా,

నీ ఉత్తరం ఆల్మటీ స్టేషన్లోనే అందింది. తిట్లకు ఏ దేశంలోనూ ఆలస్యం ఉండదు. నేను రాసేది మాత్రం ఎప్పుడు అందుతుందో చెప్పలేను. ఈ బయల్లో ఫోనుకు ప్రాణం లేదు.

బయలంటే మన ముద్దనూరు పక్క బయలు కాదు. నిన్న పడుకునే ముందు కిటికీలో ఏది చూసినానో పొద్దున లేచి అదే చూస్తున్నాను. రాత్రంతా రైలు కదల్లేదేమోనని భయపడి, మా రైలు పెట్టెను చూసుకునే గుల్మీరా అనే ఆమెను చేతులతో అడిగినాను. ఆమె నన్ను చూసి, కిటికీ చూసి, ఒక దుప్పటి ఎక్కువ ఇచ్చిపోయింది.

నలుగురి గదిలో ముగ్గురం. నేను, బాగ్దాత్ అనే ఒక బడిపంతులు, డెబ్బై దాటిన ఆయన తల్లి. ఆమెను అందరూ ఆపా అంటున్నారు. ప్రొద్దుటూరులో మా పక్కింటి షాహీదాబీని వీధంతా పిలిచేదీ అదే పిలుపు కాబట్టి నాకు ఇబ్బంది కలగలేదు. బాగ్దాత్ ఫోను నా తెలుగు విని వాళ్ళ భాషలో చెప్తుంది. చెప్పినాక వాళ్ళిద్దరూ కాసేపు ఆలోచిస్తారు. నా మాట అంత లోతుగా ఉందో, ఫోను అంత మొద్దుదో తెలియదు.

నిన్న సాయంత్రం ఆమె గిన్నెలో టీ పోసింది. గిన్నెలో సగం కూడా లేదు. తాగినాను. మళ్ళీ పోసింది, ఇంకా తక్కువ. మూడోసారి అడుగు తడిసింది, అంతే. ఇంత వయసొచ్చి ఇంత పిసినారితనమా అని లోపల ఉడికిపోయి, అంచుదాకా నింపమని వేలితో చూపించినాను. ఆమె కొడుకు మొహం చూసింది. అంచుదాకా నింపి నా ముందర పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అరగంట తర్వాత బాగ్దాత్ ఫోను చెప్పింది. వాళ్ళలో కొంచెం కొంచెం పోయడమే మర్యాద. మాటిమాటికీ పోస్తూ ఉంటాను, కూర్చో అని అర్థం. నిండుగా పోస్తే, తాగి ఇంక లేచి పో అని. నన్ను గెంటమని నేనే వేలితో చూపించి మరీ అడుక్కున్నాను. క్షమాపణ చెప్పినాను. ఫోను ఏం చెప్పిందో గాని ఆమె మళ్ళీ ఒక చెంచాడు పోసింది. ఇంత తృప్తిగా ఏ టీ తాగలేదు.

అసలు చురక తర్వాత తగిలింది. నీ తండ్రి నుంచి పైకి ఏడు తరాల పేర్లు చెప్పు అన్నాడు బాగ్దాత్. తనవి తాను ఊపిరి తీయకుండా అప్పజెప్పినాడు. వాళ్ళలో పిల్లలకు మాటలొచ్చినప్పుడే నేర్పుతారంట. నేను మొదలుపెట్టినాను. నాయన చిదంబరయ్య. తాత శేషయ్య. ముత్తాత వీరభద్రయ్య. ఆగిపోయినాను. తర్పణంలో మూడు పేర్లే కదా. "మిగిలిన నలుగురు?" తెలియదన్నాను. ఆపా ఏదో అంది. బాగ్దాత్ చెప్పనంటాడు. పట్టుబట్టి చెప్పించినాను. ఏడుగురు తెలియనివాడు అనాథ అంటారంట వాళ్ళు. డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో, తండ్రి తిథి ముందురోజు, పరాయి దేశంలో, నన్ను అనాథ అన్నారు.

ఆ నలుగురి పేర్లు నీకు తెలిసే ఉంటాయి. వెంటనే రాయి.

నిన్న సాయంత్రం ఆ టీ తర్వాత ఏమీ తినలేదు. మధ్యాహ్నం కూటికి లేనివాళ్ళ వెసులుబాటు ప్రయత్నిస్తాను.

అనాథ,
అగస్తయ్య


జమ్మలమడుగు
7 జులై, సాయంత్రం

అగస్తయ్యా,

చిరంజీవి రాయలేదు, గమనించు.

అపర్ణ పెట్టిన ఫోను గ్రూపులోకి నీ ఫోటో వచ్చింది. సుహాస్ వేళ్ళతో పెద్దది చేసి చూపించినాడు. రైల్లో నువ్వు కూర్చున్నావు. పక్కన ఒక ముసలామె. ముందర బల్ల మీద పళ్ళెం నిండా మాంసం ముక్కలు. సుహాస్ తన్మయిని అడిగి అది ఏందో కనుక్కున్నాడు. గుర్రం! మన ఇంట్లో గుర్రం ఎక్కే గతి ఏ తరంలోనూ ఎవరికీ లేకపోయింది. నువ్వు ఏకంగా తినే స్థాయికి పోయినావు. అదీ నాయన తిథి నాడు. ఇక్కడ భోక్తలు తిని చేతులు కడుక్కుంటున్న గడియలో.

"తింటున్నట్టు యాడుందండీ, బల్ల మీద ఉంది, అంతే" అంటుంది మీ వదిన. బల్ల దగ్గర కూర్చున్నవాడు బల్లకు కాపలా ఉంటాడా?

ఈ రోజు నేనేం చేసినానో నీకు రాద్దామని కాగితం తీసినాను. ఇప్పుడు రాయను. నువ్వూ రాయొద్దు.

విశ్వేశ్వరయ్య


అక్తోబే
9 జులై 2026

అన్నా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఈ ఉత్తరం సుహాస్‌కు కాదు, అపర్ణకు పంపినాను. కవర్లో పెట్టి స్వయంగా నీ చేతికిమ్మన్నాను. కారణం చివర్లో.

ఏడో తేదీ మధ్యాహ్నం రెండింటికి సీసా నీళ్ళతో తల తడుపుకొని, పంచె మార్చి, జంధ్యం కుడి భుజానికి వేసుకొని, పెట్టె నడవలో కిటికీ ముందర నిలబడినాను. బయట మనిషి లేడు, చెట్టు లేదు. నీ షరతుకు సరిపోయింది. దక్షిణమెక్కడ? బాగ్దాత్ ఫోనులో దిక్సూచి తీసి చూపించినాడు. అటు తిరిగినాను. రైలు వంపు తిరిగింది. మళ్ళీ తిరిగినాను. రైలూ మళ్ళీ తిరిగింది. నేను దక్షిణానికి మొహం పెడితే దక్షిణం నాకు వీపు పెడుతుంది. నువ్వు జమ్మలమడుగులో కదలని పీట మీద కూర్చొని శాస్త్రం చెప్పినావు. ఒకసారి రైల్లో చెప్పి చూడు.

తర్పణానికి నీళ్ళు టీ గిన్నెలో పట్టినాను. నువ్వులు ఆల్మటీలో ఆ అమ్మాయి ఇంట్లో మరిచినాను. రొట్టె మీద నల్లగా ఏవో ఉంటే ఆశగా గీరి చూసినాను. నల్లజీలకర్ర. ఇక నాకు మిగిలినవి రెండు చేతులే. ఎత్తినాను.

గుల్మీరా చూసింది. గుండె పట్టేసిందనుకొని పరుగెత్తుకొచ్చి నడుము పట్టుకొని నోట్లో ఏదో బిళ్ళ కుక్కబోయింది. ఉపవాసం కదా, నోరు బిగించినాను. పళ్ళు కరుచుకుపోయినాయనుకొని ఆమె ఇంకా గట్టిగా అరిచింది. సగం పెట్టె వచ్చి చేరింది. నేను బాగ్దాత్ ఫోనులో "ఈ రోజు మా నాయన చనిపోయిన రోజు" అన్నాను. అది ఎట్లా చెప్పిందో, అందరూ మా నాయన ఈ రోజే చనిపోయినాడనుకున్నారు. ఆడవాళ్ళు ఏడుపు ఎత్తుకున్నారు. ఒక సైనికుడు టోపీ తీసినాడు. ఆపా నా తల పట్టుకొని తన భుజానికి ఆనించుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళయిందమ్మా అని నేను గింజుకుంటుంటే ఫోను కింద పడింది.

చివరికి వాళ్ళకు అర్థమైంది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఆపా ఒక్కటే అడిగింది, ఆయన పేరు మళ్ళీ ఒకసారి చెప్పమని.

తర్వాతి స్టేషన్లో రైలు ఇరవై నిమిషాలు ఆగింది. ఆమె కర్ర పట్టుకొని దిగి, నూనెలో కాల్చిన పల్చటి రొట్టెలు కొనుక్కొచ్చింది. ఏడు. పోయినవాళ్ళ పేరున నూనెలో రొట్టె కాల్చి పంచడం వాళ్ళ ఆచారమంట. ఆ నూనె వాసన వాళ్ళకు చేరుతుందంట. వదిన గారెలు వేసేటప్పుడు నాయన పటం ముందర తలుపు తీసిపెట్టమంటుంది చూడు, సరిగ్గా అదే. ఆమె రొట్టెలు ఏడుగురికి ఇచ్చింది. ఒక్కొక్కరూ "చిదంబరయ్య" అని వాళ్ళకు వచ్చినట్టు పలికి, తిని, అరచేతులు మొహం మీద తుడుచుకున్నారు. ఒక్కనికీ సరిగ్గా రాలేదు. గుల్మీరా పని మధ్యలో వచ్చి నిలబడే తినింది. ఆ సైనికుడు తన దగ్గరున్న గొప్ప పదార్థం తెచ్చి గౌరవంగా నా ముందర పెట్టినాడు. నువ్వు చూసిన గుర్రం అదే. బాగ్దాత్ ఫోటో తీసి, స్టేషన్లో సిగ్నల్ ఉండగానే తన్మయికి పంపినాడు. నేను ముట్టలేదు. నాలుగు దాటినాక ఆపా చేతిలోంచి ఒక రొట్టె ముక్క తిన్నాను. తినొచ్చునా అని నిన్ను అడగడానికి సిగ్నల్ ఉంది. ధైర్యం లేదు.

ఈ పొద్దు తన్మయి పట్టా తీసుకుంది. చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టినాను. దిగొచ్చి "తాతా, పెద్దతాత ఏమన్నాడు?" అని అడిగింది. "గుర్రం అన్నాడు" అని చెప్పినాను.

ఇప్పుడు కారణం. జూన్ ఎనిమిది ఎక్కడినుంచి వచ్చిందన్నావు. జమ్మలమడుగు నుంచి వచ్చింది. "పోయినేడు జూన్ పద్దెనిమిది, పది రోజులు వెనక్కి జరుపు, జూన్ ఎనిమిది. ఇంత మాత్రం తెలియదా?" అని నీ చేతి కార్డు నా రేకుపెట్టెలో ఉంది. మొదటి ఉత్తరంలో "వచ్చింది" అని మాత్రమే రాసినాను. జిరాక్సు అంగట్లో అచ్చు తీసే కాగితం నలుగురూ చదువుతారు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకు ముహూర్తం పెట్టేవాడు అధికమాసం మరిచినాడంటే బాగుంటుందా? నేను మూసిపెట్టింది నువ్వు మొదటి ఉత్తరంలోనే నా మీద దులిపినావు.

అగస్తయ్య


జమ్మలమడుగు
12 జులై 2026, ఆదివారం

చిరంజీవి అగస్తయ్యకు,

అపర్ణ పొద్దున పులివెందుల బస్సు దిగి కవరు నా చేతిలో పెట్టింది. చదివేదాకా కదల్లేదు. అచ్చం నీ మొండితనమే.

కార్డు నేనే రాసినాను. ఉగాది నాడు పంచాంగం తెరిచిన గడియలోనే తెలుసుకున్నాను. ఆ రోజే నీకు రాసి ఉండాల్సింది. రాయలేదు. నువ్వే మరిచినావని ఒకరికి చెప్పినాను, రెండోవాడికి చెప్పినాను, మూడోసారికి నాకే నిజమనిపించింది. డెబ్బై ఎనిమిదేళ్ళకు ఇది నా విద్య.

ఆ రోజు రాయనన్నది ఇప్పుడు రాస్తున్నాను. ఏడో తేదీ పీట మీద కూర్చొని నీళ్ళు చేతిలోకి తీసుకున్నాను. మీ వదిన తలుపు దగ్గర నిలబడింది. ఏమీ అనలేదు. అని ఉంటే మొండికేసేవాణ్ణి. "మేమిద్దరం విడిపోలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. తమ్ముడు దేశాంతరంలో ఉన్నాడు, ఇద్దరి తరఫునా నేనే పెడుతున్నాను" అని తెలుగులో చెప్పేసినాను. భోక్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకాయన మన పంపకాల కాగితం మీద సాక్షి సంతకం చేసినవాడే. ఏమంటాడు? విస్తరి ముందర ఉంది.

అంత పెద్ద అబద్ధం పితృదేవతల ముందర నీ కోసమాడి, లేచి చేతులు కడుక్కుంటుంటే సుహాస్ ఆ గుర్రాన్ని తెచ్చి చూపించినాడు. నీ రైలు ఉత్తరం అందింది మర్నాడు. గుర్రం చూసిన కోపంలో నా నోటికి ఏమొచ్చిందో అది రాసినాను. వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు, నీకు తెలుసు.

ఆ నలుగురి పేర్లు నాకూ తెలియవు. మూడుకు మించి ఎవరూ అడగలేదు, నేనూ నేర్చుకోలేదు. ఆ బడిపంతులు మాట ప్రకారం నేనూ నీలాంటివాణ్ణే.

నీ రొట్టె చెల్లుతుందా అని రెండు గంటలు ఆలోచించినాను. శాస్త్రం దొరకలేదు. మీ వదినకు చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకొని "ఆయమ్మకు నూనె యాడ దొరికిందో ఆ బయల్లో" అంది.

విశ్వేశ్వరయ్య


అక్తోబే
13 జులై 2026

అన్నా,

నన్ను అడగకుండా విడదీసినావు, అడగకుండా కలిపినావు. రెండుసార్లూ నాకు కాగితమే అందింది.

పైగా ఒక చిక్కు తెచ్చిపెట్టినావు. మనం విడిపోయి ఉంటే నువ్వు నా తరఫున పెట్టింది చెల్లదు. కలిసి ఉంటే నేను రైల్లో పెట్టింది చెల్లదు. నీదో నాదో ఒకటి దండగైంది. నాది దండగంటే ఒప్పుకోను. ఆ ముసలామె కర్రతో రైలు మెట్లు దిగడం నువ్వు చూడలేదు. నీది దండగంటే పితృదేవతలకు నువ్వు చెప్పింది అబద్ధంగానే మిగిలిపోతుంది. ఈ వయసులో నీకు ఆ పాపం ఎందుకు?

పదహారో తేదీ బయలుదేరి పద్దెనిమిదికి మన జిల్లాలో పడతాను. ప్రొద్దుటూరులో దిగను. నేరుగా జమ్మలమడుగుకే వస్తాను. సంచీతో వస్తున్నాను, పొద్దు గుంకగానే బస్సెక్కుతాననుకోవద్దు. నీ అబద్ధం నిజమయ్యేదాకా ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు ఉంటాను. వదినకు చెప్పు, పొయ్యి ఒకటే వెలిగించమని. ఉప్పు మాత్రం నీ నోటికి కాదు, నా నోటికి సరిపడా వెయ్యమని.

అగస్తయ్య